ఎమ్మెస్ చదువుతూ క్యాంపస్ మీడియాలో జాబ్ చేయాలంటే

అమెరికాలో ఎమ్మెస్‌కు వచ్చిన మనవాళ్లు చాలామంది దిగగానే డైనింగ్ హాల్ జాబ్‌కి అప్లై చేస్తారు, సీనియర్లు ముందుగా చెప్పేది అదే కాబట్టి. ఆ పనిలో తప్పేమీ లేదు. కానీ కెమెరా పట్టడమో, ఎడిటింగో, కాస్త రాయడమో వచ్చినవాళ్లు యూనివర్సిటీలోని మీడియా పనులు కూడా చూడాలని గట్టిగా చెబుతాను. క్లాస్‌రూముల్లో మైకులు, ప్రొజెక్టర్లు చూసుకునే మీడియా సర్వీసెస్, లైబ్రరీలో కెమెరాలు ఇచ్చి తిరిగి తీసుకునే కౌంటర్, అథ్లెటిక్స్ వీడియో టీమ్, స్టూడెంట్ పేపర్, రేడియో. ఇవన్నీ దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలోనూ ఉంటాయి.

మొదటి సెమిస్టర్‌లో అయితే మీడియా సర్వీసెస్‌కే నా ఓటు. షిఫ్ట్ టైమింగ్స్ ముందే తెలుస్తాయి, కాల్ రానప్పుడు అసైన్‌మెంట్ చేసుకోవచ్చు. పేపర్‌లో నేర్చుకునేది ఎక్కువే, కాకపోతే డెడ్‌లైన్ రోజు అర్ధరాత్రి దాకా కూర్చోవాల్సి వస్తుంది, తెల్లారితే మీకు క్విజ్ ఉన్నా సరే.

యూనివర్సిటీ విద్యార్థులు జాబులు వెతుక్కునే పోర్టల్ హ్యాండ్‌షేక్‌లో వెతకండి. 'వర్క్ స్టడీ' ఉన్నవాళ్లకే అని రాసినవి వదిలేయండి, అది అమెరికా ప్రభుత్వమిచ్చే ఫెడరల్ సాయం, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు రాదు. పోర్టల్‌లో అప్లై చేసి ఊరుకోకుండా సూపర్‌వైజర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టి, బీటెక్‌లో ఫెస్ట్‌కి తీసిన వీడియో లింకు జతచేయండి, అందులో మీరు చేసినదేమిటో స్పష్టంగా చెప్పండి.

ఇంటర్వ్యూకి ముందు ఒక్క పని నేర్చుకుని వెళ్లండి, కేబుల్ చుట్టడం. మోచేతికి తాడులా చుడితే లోపలి తీగ మెలితిరిగి పాడవుతుంది. అరచేతిలో ఒక చుట్టు మామూలుగా, తర్వాతిది తిప్పి లోపలివైపుకి, అలా మార్చి మార్చి చుడితే విప్పేటప్పుడు చిక్కు పడకుండా సాఫీగా పరుచుకుంటుంది. అలాగే కాలర్ మైక్ పెట్టేటప్పుడు ప్రొఫెసర్ మెడలోని ఐడీ కార్డు తాడు తగలకుండా చూడాలి, లేదంటే లెక్చరంతా గరగరే రికార్డవుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని స్వయంగా వినకుండా రికార్డింగ్ మొదలుపెట్టొద్దు.

ఇక గంటలు. క్లాసులు నడిచే రోజుల్లో ఎఫ్-1 వాళ్లకు వారానికి 20 గంటలే, అదీ అన్ని జాబులూ కలిపి. 20 గంటల టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని ఉంటే దీనికి చోటే లేదు. అథ్లెటిక్స్ టీమ్‌లో చేరేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా లెక్కేసుకోవాలి, ఎందుకంటే శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే కెమెరాలు బిగించడం నుంచి విప్పి సర్దేదాకా రోజంతా పోతుంది, ఆ వారం మిగతా షిఫ్టులు తగ్గించుకోకపోతే తెలియకుండానే 20 దాటేస్తారు. పేరోల్ వారం ఏ రోజు మొదలవుతుందో మొదటి రోజే అడగండి.

స్టూడెంట్ పేపర్ అంతా యూనివర్సిటీదే అనుకోవద్దు. బర్క్‌లీలోని డైలీ కాలిఫోర్నియన్ 1971 నుంచి స్వతంత్ర సంస్థ. అలాంటిచోట జీతం ఇచ్చేది యూనివర్సిటీ కాదు కాబట్టి, అది ఆన్ క్యాంపస్ జాబ్ కింద లెక్కకొస్తుందో లేదో చేరేముందే డీఎస్‌ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

అసలు ప్రమాదం బయట ఉంది. మీకు కెమెరా వచ్చని తెలియగానే మనవాళ్ల పెళ్లిళ్లు, సీమంతాలు, హాఫ్ శారీ ఫంక్షన్లకి పిలుస్తారు. 'తమ్ముడూ, ఒక్క శనివారమే కదా, 300 డాలర్లు ఇస్తాం' అంటారు. క్యాష్ ఇచ్చినా, జెల్ యాప్‌లో బ్యాంకు నుంచి పంపినా అది అనుమతి లేని పనే, మీ స్టేటస్‌కే ఎసరు పెడుతుంది. 'సారీ అన్నా, నాది స్టూడెంట్ వీసా' అని మొహమాటం లేకుండా చెప్పేయండి.

జాబ్ వచ్చాక ఆఫర్ లెటర్, డీఎస్‌ఓ లెటర్, పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ఫారం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లాలి. దేశంలో అడుగుపెట్టి 10 రోజులయ్యాకే వెళ్లండి, ముందే వెళితే మీ రికార్డు వాళ్ల సిస్టమ్‌లో కనిపించకపోవచ్చు. మొదటి జీతం స్లిప్పు తెరిచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కోత ఉందేమో చూడండి. కొత్తగా వచ్చిన ఎఫ్-1 విద్యార్థులకు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా ఆ రెండూ పట్టకూడదు, కలిపితే 7.65 శాతం. పట్టి ఉంటే వెంటనే పేరోల్ ఆఫీసుకి వెళ్లి సరిచేయించుకోండి.