పాత బొలెరో చూడటానికి ఉదయం ఆరింటికి వెళ్లండి

పాత డీజిల్ బండి బేరానికి మధ్యాహ్నం వెళ్లకండి. ఉదయం ఆరింటికి వస్తానని, అంతవరకు స్టార్ట్ చేయొద్దని ముందురోజే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే బేరం మాట ఎత్తకుండా వచ్చేయడమే మేలు. చల్లటి ఇంజిన్ చెప్పే నిజం వేడి ఇంజిన్ చెప్పదు.

నేను నడిపేది 2009 బొలెరో, 2523 సీసీ డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే) ఇంజిన్. డీజిల్ పంపు మెకానికల్ కాబట్టి పల్లెటూరి మెకానిక్ కూడా ధైర్యంగా విప్పుతాడు. పొలం దారుల్లో తిరిగేవారికి నేను ఇదే బండి చెబుతాను.

సెల్ఫ్ కొట్టించి మీరు వెనక నిలబడండి. మొదట కాస్త పొగ సహజం. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందన్నమాట. ఇంజిన్ వేడెక్కినా తెల్లపొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి), కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి), హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) అనుమానించాలి. నల్లపొగకు అంత భయం అక్కర్లేదు, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ మారిస్తే తగ్గుతుంది.

అసలు పరీక్ష ఇప్పుడు. ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీదే వదులుగా బోర్లించండి. కొద్దిగా అదిరితే ఫరవాలేదు. అన్నం ఉడికే గిన్నె మీది మూతలా ఎగిరిపడుతూ పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ లోపలి గోడ అరిగిపోయినట్టే. ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. డిప్‌స్టిక్‌కు (ఆయిల్ మట్టం చూసే కడ్డీకి) అంటిన ఆయిల్ నల్లగా ఉండటం డీజిల్‌కు మామూలే. తెల్లటి నురగ కనిపిస్తే మాత్రం అందులో నీళ్లు కలిశాయి.

కాగితాల్లో ఛాసిస్ నంబరును బండి మీది అచ్చుతో మీ కళ్లతో పోల్చుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు ఫారం 35 అడగండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు వచ్చాక అక్కడి బండ్లు చవకగా దొరుకుతున్నాయి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి జీవితకాల పన్ను కలిపి లెక్క వేసుకున్నాకే అటు చూడండి.

కొన్నాక ఆయిల్, ఫిల్టర్లు అన్నీ మార్చేయండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు కాదు, కూలెంట్ పోయండి. దూరం నడిపి ఆపేటప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉంచితే టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం) చల్లబడుతుంది. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ అడుగు మర విప్పి చేరిన నీళ్లు వదిలేయండి.

ట్యాంకు ఎండే దాకా నడపకండి, లైన్లో గాలి పడుతుంది. పొరపాటున పడితే బ్యాటరీ అయిపోయేలా సెల్ఫ్ కొట్టొద్దు. డీజిల్ పోసి, డీజిల్ ఫిల్టర్ పైనున్న గాలి మర కొద్దిగా వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండండి. బుడగలు ఆగి డీజిల్ ధార సాఫీగా వచ్చాక మర బిగించి స్టార్ట్ చేయండి.