నేవీ డేకి పాత విక్రాంత్ మోడల్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డిసెంబరు 4 దగ్గరపడుతోంది. 1971 యుద్ధం నాటి విమానవాహక నౌక విక్రాంత్ (ఓడ నంబరు ఆర్11) మోడల్ చేద్దామనుకునేవాళ్లు జిగురు మూత తీయకముందే:

ఏ ఏడాది ఓడో తేల్చుకోండి. 1971లో డెక్ (విమానాలు దిగే పైతలం) ముందుభాగం చదునుగా ఉండేది. పైకి లేచిన స్కీ జంప్ 1980ల చివర్లో వచ్చింది. విమానాలూ అంతే. సీ హాక్‌లు, అలీజ్‌లు పెట్టాలి. సీ హారియర్లు 1983లో గానీ రాలేదు. అన్నీ అతికించాక తెలిస్తే డెక్ మొత్తం పీకాల్సిందే. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పటి ఫొటోలు కలర్‌లో బాగుంటాయి గానీ, వాటిని చూసి 1971 ఓడ చేయొద్దు.

కొలతలు లెక్కకట్టండి. అసలు ఓడ సుమారు 213 మీటర్లు, అంటే 1/700 స్కేలులో (అసలు ఓడలో 700వ వంతు) 30.5 సెం.మీ. మీటరు ఎత్తు రెయిలింగ్ 1.4 మి.మీ. ఉండాలి. లావైతే పిట్టగోడలా కనిపిస్తుంది.

రెసిన్ (అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ లాంటిది) భాగాలు తడిపి శాండ్ పేపర్‌తో రుద్దండి, మాస్కు వేసుకోండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఇక్కడ బద్ధకం పనికిరాదు.

రంగుకి ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు జిడ్డు మిగిలితే రంగు పట్టదు.

ముసురు రోజున లాకర్ (త్వరగా ఆరే రంగు/వార్నిష్) స్ప్రే వద్దు. తేమకి తెల్లగా పాలిపోతుంది. విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదనుకోండి.

డెక్ గీతల డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్లు) కింద మెరుపు వార్నిష్ ఉండాలి. గరుకు రంగు మీదైతే గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

రిగ్గింగ్ (మాస్టుకి కట్టే సన్నటి తీగలు) అన్నిటికన్నా ఆఖర్న. చెయ్యి తగిలితే మాస్టుతో సహా ఊడొస్తుంది.