పాత ఇంగ్లీషు దెయ్యం కథలకు రెండు రంగుల పెన్సిళ్లు

విక్టోరియన్ కాలపు, అంటే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు దెయ్యం కథ చదువుతున్నప్పుడు భయం కలుగుతుంది గానీ, అది ఎక్కడ పుట్టిందో జవాబుపత్రంలో రాయమంటే కలం సాగదు.

చార్లెస్ డికెన్స్ 1866లో ప్రచురించిన ‘ది సిగ్నల్‌మ్యాన్’ (రైళ్లకు సిగ్నల్ ఇచ్చే ఉద్యోగి కథ)తో, ఆ చోటును కనిపెట్టే ఈ పద్ధతి నాకు దొరికింది. మొదటిసారి నిఘంటువు తెరవకుండా ఒకే విడతలో చదవండి. రెండోసారి, కథకుడు స్వయంగా చూసినదాని కింద ఎర్ర గీత, ఇతరులు చెప్పగా విన్నదాని కింద నీలి గీత గీయండి. లోతైన రైలు దారి, చెమ్మ ఊరే రాతిగోడలు, సొరంగం ముందున్న దీపం, పైనుంచి పిలిస్తే పైకి చూడకుండా వెనక్కి తిరిగి పట్టాల వెంబడి చూసిన సిగ్నల్‌మ్యాన్, ఇవన్నీ ఎరుపులో పడతాయి. దెయ్యం మాత్రం నీలంలోనే మిగులుతుంది, ఎందుకంటే కథకుడు దాన్ని ఒక్కసారి కూడా చూడడు. చివర, కథకుడు మనసులో మాత్రమే అనుకున్న మాటలను ఇంజిన్ డ్రైవర్ పైకి పలికినట్లు తెలిసే చోట రెండు గీతలూ కలుస్తాయి. నా దృష్టిలో కథలోని అసలు వణుకు అక్కడే ఉంది, కాబట్టి ఆ పేరాను మూడోసారి కూడా చదవండి.

కథకుడే దెయ్యాన్ని కళ్లారా చూసే కథల్లో ఈ పద్ధతి పనిచేయదు, పేజీ అంతా ఎర్రబడుతుంది. అక్కడ శబ్దాలనూ వెలుగు తగ్గే చోట్లనూ మాత్రమే గుర్తించండి.