బూడిదరంగు గడి భ్రమ: నెట్‌వర్క్ మన కంటిలా చూడకపోతే

0 నలుపు, 255 తెలుపు అనుకుంటే బూడిదరంగు గడి విలువ రెండు చోట్లా 128 అయినా, నల్లటి నేపథ్యంలో అది లేతగా, తెల్లటి నేపథ్యంలో ముదురుగా మనకు తోస్తుంది. సహజ దృశ్యాల ఫొటోలతో నాయిస్ (బొమ్మలోని చుక్కల మచ్చలు) తీయడం నేర్పిన కన్వల్యూషన్ నెట్‌వర్క్‌కు (చిన్న ఫిల్టర్లను బొమ్మంతా జరుపుతూ లెక్కించే న్యూరల్ నెట్‌వర్క్‌కు) ఇదే బొమ్మ ఇచ్చి, గడి నడుమ 4×4 పిక్సెళ్ల అవుట్‌పుట్ సగటు తీయండి. నల్లటి వైపు ఎక్కువొస్తే నెట్‌వర్క్ మనిషి దారిలోనే ఉంది.

రెండు గడులకూ ఒకే విలువ వస్తోంది

తరచూ కారణం రిసెప్టివ్ ఫీల్డ్, అంటే ఒక అవుట్‌పుట్ పిక్సెల్ చూడగలిగే ఇన్‌పుట్ మేర, చాలకపోవడమే. స్ట్రైడ్ (ఫిల్టర్ ఒక్కోసారి జరిగే దూరం) 1తో 3×3 పొరలు ఐదు ఉంటే, ఒక్కో అవుట్‌పుట్ పిక్సెల్‌కు అందేది 11×11 మేర. గడి వెడల్పు 40 పిక్సెళ్లయితే నడిమి పిక్సెల్‌కు నేపథ్యమే అందదు, ఇక భ్రమ ఎక్కడిది? ఒక్కో 3×3 పొర మేరను డైలేషన్‌కు (ఫిల్టర్ గళ్ల మధ్య ఎడానికి) రెట్టింపు చొప్పున పెంచుతుంది. 1, 2, 4, 8 డైలేషన్లతో నాలుగు పొరలు పెడితే 31 పిక్సెళ్లు, అంటే ఒక్కో వైపు 15. గడి 20 పిక్సెళ్లయితే అంచు 10 దూరంలోనే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. గడినే 5 పిక్సెళ్లకు కుదించడం తేలికే గానీ, అప్పుడు కొలిచేది అంచు మసకనే. ఆ దారి వద్దు.

నేపథ్యం అందకపోయినా తేడా వస్తోంది

ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఫలితం బాగున్నట్టే కనిపిస్తుంది. బ్యాచ్ నార్మ్ (సగటును బట్టి విలువలను సరిచేసే పొర) ట్రైనింగ్ మోడ్‌లో ఉండిపోతే మొత్తం బొమ్మ సగటు ప్రతి పిక్సెల్‌లోకీ చేరుతుంది. ఇవాల్ మోడ్‌కు, అంటే పరీక్షించేటప్పుడు వాడే మోడ్‌కు మార్చండి. జేపెగ్ కుదింపు, రీసైజ్ కూడా 128ని చెడగొట్టగలవు. బొమ్మను నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) అర్రేలో నేరుగా గీసి, ఇన్‌పుట్ విలువలు ఒకసారి ప్రింట్ చేసి చూడండి.

తేడా ఉంది, దిశ తలకిందులు

నల్లటి వైపే తక్కువొస్తోందంటే, నెట్‌వర్క్ పక్క పిక్సెళ్లను సగటు చేసేస్తోంది. ట్రైనింగ్‌లో నాయిస్ సిగ్మా (నాయిస్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 50 ఉంటే 25కు తగ్గించి మళ్లీ ట్రైన్ చేయండి.

ఇది పాసైంది, వైట్ భ్రమలో ఫెయిలైంది

వైట్ అనే పరిశోధకుడి పేరున్న ఈ నల్ల-తెల్ల చారల బొమ్మలో నల్లచారలో పెట్టిన బూడిద ముక్కకు తెలుపుతోనే ఎక్కువ హద్దున్నా, అది లేతగానే కనిపిస్తుంది. పక్క రంగుతో పోల్చి ఊరుకునే నెట్‌వర్క్ ఇక్కడ తప్పుతుంది. పరిశోధకులు బ్లేక్‌స్లీ, మెక్‌కోర్ట్ 1999లో ఇచ్చిన, మనకు ఏది ఎంత లేతగా తోస్తుందో లెక్కగట్టే ఓడాగ్ మోడల్ దీన్ని వేర్వేరు దిశల ఫిల్టర్లతో రాబట్టింది. మీ మొదటి పొర ఫిల్టర్లను బొమ్మలుగా గీయండి. ఏ దిశా లేకుండా అన్నీ గుండ్రంగానే ఉంటే కెర్నెల్‌ను (ఫిల్టర్ కొలతను) 7×7కు పెంచి మళ్లీ ట్రైన్ చేసి చూడాలి.