డీయూఐ తర్వాత లైసెన్సు తిరిగి తెచ్చుకోవడం: కాలిఫోర్నియాలో నేను నడిచిన దారి

తాగి కారు నడిపిన కేసులో (దాన్నే ఇక్కడ డీయూఐ అంటారు) పోలీసులు మీ లైసెన్సు తీసుకుని గులాబీ రంగు కాగితం ఒకటి చేతిలో పెట్టి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు దాని మీది తేదీ చూడండి. ఆ రోజు నుంచి 10 రోజుల్లోపు డీఎంవీకి (లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖకి) ఫోన్ చేసి హియరింగ్ కావాలని అడగాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. ఆ కాగితమే 30 రోజుల పాటు మీ తాత్కాలిక లైసెన్సు. అది అయిపోయాక సస్పెన్షన్ దానంతట అదే మొదలవుతుంది.

ఈ సంగతి నాకు తెలిసేసరికి 8 రోజులు గడిచిపోయాయి. అన్నాళ్లూ ఆ కాగితాన్ని లాప్‌టాప్ బ్యాగులో, మా ఆవిడ చెయ్యి పెట్టని అరలో దాచాను. శాన్ రమోన్‌లో స్నేహితుడి గృహప్రవేశం. మా ఆవిడ, పిల్లలు సాయంత్రమే పక్కింటివాళ్ల కారులో వెళ్లిపోయారు. నేను రాత్రి ఒంటిగంటకు 680 హైవే మీద ఫ్రీమాంట్‌కి వస్తుంటే వెనక లైట్లు వెలిగాయి. ఊదితే రక్తంలో ఆల్కహాల్ 0.11 శాతం అని వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఒక్క విషయానికి ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

తొమ్మిదో రోజు ఇంట్లో చెప్పేశాను. ఆ రోజే డీఎంవీకి ఫోన్ చేసింది కూడా మా ఆవిడే. అందుకే మీకు నా మొదటి సలహా ఇది: ఈ పని ఒంటరిగా చెయ్యకండి. ఇందులో గడువులు ఎక్కువ, తల దిమ్మెక్కి ఉన్న మనిషికి గడువులు గుర్తుండవు.

మనవాళ్లు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కోర్టు కేసు వేరు, డీఎంవీ సస్పెన్షన్ వేరు. లాయరు కోర్టు చూసుకుంటున్నాడు కదా అని డీఎంవీని వదిలేస్తే లైసెన్సు పోతుంది. అక్కడ హియరింగ్‌లో నేను ఓడిపోయాను. అయినా అడగడం వృథా కాలేదు, ఎందుకంటే అడిగినప్పుడే స్టే కూడా, అంటే అప్పటిదాకా సస్పెన్షన్ ఆపమని, కోరాం. హియరింగ్ తేలేదాకా కారు నడుపుకోగలిగాను, ఆ సమయంలో డీయూఐ కేసుల్లో తప్పనిసరిగా చెయ్యాల్సిన క్లాసులో చేరిపోయాను.

మొదటిసారి దొరికి, పరీక్షలో 0.08 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డీఎంవీ సస్పెన్షన్ 4 నెలలు. అరెస్టయ్యాక పరీక్షకు ఒప్పుకోకపోతే ఏడాది. ఈ 4 నెలలూ కారు లేకుండా కూర్చోనక్కర్లేదు, దారులు రెండున్నాయి. కారులో ఊదితేనే స్టార్ట్ అయ్యే ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ పరికరం పెట్టించుకుంటే వెంటనే పరిమిత లైసెన్సు వస్తుంది, ఎక్కడికైనా వెళ్లొచ్చు. అది వద్దనుకుంటే 30 రోజులు స్టీరింగ్ ముట్టకుండా ఉండి, ఆ తర్వాత ఆఫీసుకీ క్లాసుకీ మాత్రమే నడిపే లైసెన్సు తీసుకోవచ్చు. ఏ దారిలో వెళ్లినా డీఎంవీ మూడు అడుగుతుంది: డీయూఐ క్లాసులో చేరినట్టు రుజువు, మీకు ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ పంపే ఎస్ఆర్-22 అనే పత్రం, 125 డాలర్ల ఫీజు. పిల్లల స్కూలు ఉన్న ఇంటికి మొదటి దారే మేలని నా అభిప్రాయం.

ఇండియా లైసెన్సుతో నడిపేయొచ్చని ఒకాయన నాకు సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చెయ్యకండి. సస్పెండ్ అయ్యేది చేతిలోని కార్డు ఒక్కటే కాదు, కాలిఫోర్నియాలో కారు నడిపే హక్కు. అలా దొరికితే జైలు పడే కేసు.

ఇక క్లాసు. ఏది చెయ్యాలో మన ఇష్టం కాదు. మొదటిసారి శిక్ష పడినవాళ్లకు మామూలుగా 3 నెలల క్లాసు, మొత్తం 30 గంటలు. 0.20 గానీ ఎక్కువ గానీ వస్తే 9 నెలలు. 10 ఏళ్లలో రెండోసారి అయితే 18 నెలలు. కేసును తగ్గించి వెట్ రెక్‌లెస్‌గా (మద్యంతో ముడిపడిన నిర్లక్ష్యపు డ్రైవింగ్‌గా) మారిస్తే 12 గంటల క్లాసుతో సరిపోవచ్చు. కోర్టు కేసు తేలకముందే చేరొచ్చు, కానీ చేరేముందు ఏ క్లాసు అవసరం పడుతుందో లాయర్ని అడగండి.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు బోలెడు కనిపిస్తాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్సు ఉన్న సంస్థలో చేస్తేనే డీఎంవీ ఒప్పుకుంటుంది. ఆ జాబితా కౌంటీల వారీగా ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంది. ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆదాయం తక్కువైతే తగ్గించమని అడగండి, మొహమాటపడకండి.

చేరేటప్పుడు పేరు విషయంలో జాగ్రత్త. నేను ఫారంలో అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాశాను. నా లైసెన్సులో ఇంటిపేరు చివర ఉంది. సంస్థ పంపిన రుజువు నా రికార్డుతో కలవలేదు. ఆ ఒక్క పొరపాటు సరిచేయడానికి 11 రోజులు పట్టింది, అన్ని రోజులూ ఫ్రీమాంట్ బార్ట్ రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లాను. లైసెన్సులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఎస్ఆర్-22 లోనూ అంతే.

క్లాసు అంటే వీడియోలు పెట్టి కూర్చోబెడతారని అనుకున్నాను. అలా లేదు. కొంత పాఠం, ఎక్కువ భాగం గుండ్రంగా కూర్చుని మాట్లాడటం, మధ్యమధ్యలో కౌన్సిలర్‌తో విడిగా 15 నిమిషాలు. తాగి వస్తే లోపలికి రానివ్వరు. మా దగ్గర 5 నిమిషాలు ఆలస్యమైనా తలుపు వేసేసేవారు, ఆ రోజు మానేసినట్టే లెక్క. మానేయడానికి ఒక హద్దుంది, చెప్పకుండా 21 రోజులు వెళ్లకపోతే తీసేస్తారు. తీసేస్తే ఆ కబురు డీఎంవీకి వెళ్తుంది, పరిమిత లైసెన్సూ పోతుంది. ఆఫీసు క్యాలెండర్‌లో ఆ రెండు గంటలు ముందే బ్లాక్ చేసుకోండి. రిలీజ్ ఉందనో ఆన్‌కాల్ అనో వాళ్లకు చెప్పి లాభం లేదు.

రెండో వారం జరిగింది ఒకటి చెప్పాలి. కౌన్సిలర్ ఒక నీళ్ల జగ్గు, రకరకాల గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఇంట్లో మీరు ఒక పెగ్గు ఎంత పోసుకుంటారో అంత పోయమంది. నేను వెడల్పాటి గ్లాసు తీసుకుని, ఐసుకి చోటు వదిలి, ఎప్పటిలాగే పోశాను. ఆవిడ ఆ నీళ్లను కొలత గ్లాసులోకి ఒంపింది. 90 మిల్లీలీటర్లు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 40 శాతం ఉన్న విస్కీ 44 మిల్లీలీటర్లు. అందులో 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే నా పెగ్గు రెండు డ్రింకులు. గృహప్రవేశం రోజు మూడే పెగ్గులు తాగానని పోలీసులకూ లాయరుకూ మా ఆవిడకూ నిజాయితీగానే చెప్పాను. అవి ఆరు. బల్ల మీద ఆ కొలత గ్లాసు చూస్తూ చాలాసేపు మాట రాలేదు.

ఇంకో లెక్క బోర్డు మీద రాసింది. ఒంట్లోంచి ఆల్కహాల్ గంటకు సుమారు 0.015 చొప్పున మాత్రమే దిగుతుంది. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, స్ట్రాంగ్ కాఫీ తాగినా ఆ వేగం మారదు. ఒంటిగంటకు 0.11 ఉంటే సున్నాకి రావడానికి పొద్దున 8 దాటాలి. పిల్లల్ని స్కూల్లో దింపేది నేనే, ఎనిమిదింటికి. ఇలాంటి ఎన్ని సోమవారాలు వాళ్లని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ 0.08 దాకా పర్వాలేదని మనవాళ్లు అంటుంటారు. అంతకన్నా తక్కువున్నా డ్రైవింగ్ తేడాగా ఉంటే కేసు పెట్టొచ్చు. ఇండియాలో అయితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే హద్దు, అంటే ఇక్కడి లెక్కలో 0.03.

గ్రూపులో మొదట్లో నేను నోరు విప్పలేదు. నాలుగో వారం కౌన్సిలర్ అడిగితే, మా నాన్న తాగి స్కూటర్ మీద పడిన రోజు గురించి చెప్పాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తెలుగులో కూడా ఎవరికీ చెప్పని సంగతి అది. మీరు వెళ్తే నాలుగు వారాలు ఆగకండి, మొదటి రోజే మాట్లాడండి. ఎలాగూ 30 గంటలు అక్కడ ఉండాలి.

ఊదే పరికరం గురించి రెండు మాటలు. మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదకండి, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగండి. నడుపుతుండగా కూడా మళ్లీ ఊదమని కూస్తుంది, కంగారు పడకుండా పక్కకు ఆపి ఊదండి. కనీసం 60 రోజులకొకసారి సర్వీసుకి తీసుకెళ్లాలి. ఇంట్లో రెండు కార్లుంటే పరికరం లేనిది మీరు ముట్టుకోకూడదు. మా చిన్నది రోజూ 'నాన్నా, కారుకి ఎందుకు ఊదుతున్నావు' అని అడిగేది. నిజమే చెప్పాం.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడాలి. శిక్ష పడకముందే, అరెస్టు ఆధారంగానే పాస్‌పోర్టులోని వీసాను రద్దు చేయొచ్చు. నాకు ఆ ఈమెయిల్ వచ్చింది. ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి అది అడ్డు కాలేదు. కానీ దేశం దాటితే కొత్త వీసా కావాలి, అరెస్టు ప్రశ్నకు అవునని రాయాలి, కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గరికి పంపుతారు. ఏడాదిన్నర పాటు అమ్మకి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. చివరికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కోర్టు పత్రాల సర్టిఫైడ్ కాపీలు, క్లాసు పూర్తిచేసిన సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకుని వెళ్లాను. ఆ కాపీలు కేసు ముగిసిన వారంలోనే తీసి పెట్టుకోండి.

క్లాసు అయ్యాక పూర్తి చేసినట్టు సర్టిఫికెట్‌ని సంస్థే డీఎంవీకి పంపుతుంది. రెండు వారాల తర్వాత మీ రికార్డులో చేరిందో లేదో ఫోన్ చేసి అడగండి. కార్డు చేతికొచ్చినా ఎస్ఆర్-22 మాత్రం 3 ఏళ్లు ఆగకుండా నడవాలి. ఒక్కసారి ప్రీమియం తప్పి పాలసీ రద్దయినా ఇన్సూరెన్స్ కంపెనీ డీఎంవీకి తెలియజేస్తుంది, లైసెన్సు మళ్లీ ఆగిపోతుంది. కంపెనీ మారాలనుకుంటే కొత్తది మొదలయ్యాకే పాతది ఆపండి. నా ప్రీమియం తేదీలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, మా ఆవిడకి కనపడేలా.