చెస్ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) నేర్చుకుందాం – 4వ పాఠం: పాత గడికే తిరిగొచ్చిన గుర్రం

పోయిన పాఠంలో గెలిచిన గేమ్ చూశాం. ఈసారి డ్రా గేమ్. పాత గేముల డేటాబేస్‌లో డ్రా అని కనిపిస్తే చాలామంది దాటేస్తారు, నేనూ చాలా ఏళ్లు అదే పని చేశాను. కానీ 30వ ఎత్తులో అవతలివాడు తప్పు చేసి ఓడిపోతే, మన ఓపెనింగే గొప్పదని భ్రమపడతాం. డ్రాలో ఆ ప్రమాదం తక్కువ.

2000 అక్టోబర్, లండన్. ప్రపంచ టైటిల్ మ్యాచ్ మొదటి గేమ్. తెల్ల పావులు కాస్పరోవ్‌వి, నల్లవి క్రామ్నిక్‌వి. బోర్డు సర్దుకోండి. (× అంటే కొట్టడం.)

1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3. బిషప్ బి5, గుర్రం ఎఫ్6 4. క్యాజ్లింగ్, గుర్రం×ఇ4 5. డి4, గుర్రం డి6 6. బిషప్×సి6, డి×సి6 7. డి×ఇ5, గుర్రం ఎఫ్5 8. మంత్రి×డి8 చెక్, రాజు×డి8.

దీన్ని బెర్లిన్ డిఫెన్స్ అంటారు. ఇక్కడ ఆగండి. నల్ల రాజుకు క్యాజ్లింగ్ పోయింది, సి గీత మీద రెండు బంట్లు ఒకదాని వెనుక ఒకటి. మరి క్రామ్నిక్ దీన్ని కోరి ఎందుకు తెచ్చుకున్నాడు?

రాజులు, బంట్లు తప్ప మిగతా పావులన్నీ తీసి పక్కన పెట్టండి. రాజు వైపు తెల్లవి 4, నల్లవి 3. మంత్రి వైపు నల్లవి 4, తెల్లవి 3, కానీ ఆ నాలుగులో రెండు ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి ముందుకు పోయే బంటు సులువుగా పుట్టదు. ఇలాగైతే తెల్లవైపే మేలు. ఇప్పుడు పావులన్నీ తిరిగి పెట్టండి. నల్లవాడికి బిషప్‌లు రెండూ ఉన్నాయి, తెల్లవాడికి ఒక్కటే. పావులు తగ్గితే లాభం తెల్లవాడికి, బోర్డు మీదే ఉంటే నల్లవాడికి.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, హెచ్ బంటు. 10వ ఎత్తులో క్రామ్నిక్ దాన్ని హెచ్6కు జరిపాడు, జి5 గడిలోకి ఎవరూ రాకుండా. 12లో కాస్పరోవ్ హెచ్3 ఆడాడు, జి4కు దారి వేసుకుంటూ. 15లో తెల్ల గుర్రం ఎఫ్3 నుంచి ఇ1కు వెళ్లింది. అంటే హెచ్4కు కాపలా పోయింది. వెంటనే హెచ్5, 18లో హెచ్4! ఇప్పుడు తెల్లవాడు జి4 అంటే నల్ల బంటు దారిలోనే ఆన్‌పాసాన్‌గా (రెండు గళ్లు దూకిన బంటును ఒక్క గడే జరిగినట్టు పట్టే నియమం) కొట్టేస్తుంది. ఓపెనింగ్‌లో ఒకే బంటును మళ్లీ మళ్లీ కదపొద్దని మనకు నేర్పుతారు కదా. మంత్రులు పోయిన బోర్డులో అంత తొందర లేదు.

24లో తెల్లవాడి ఎఫ్4 వచ్చింది. తర్వాత ఎఫ్5 పడితే ఇ6 బిషప్, జి6 గుర్రం రెండూ ఒకేసారి దెబ్బకు దొరుకుతాయి. క్రామ్నిక్ గుర్రాన్ని ఇ7కు, 25లో ఎఫ్5కు తెచ్చి దారి మూసేశాడు. డ్రా. ఏడో ఎత్తులో ఆ గుర్రం నిలబడ్డ గడి అదే. మూడోసారి ఆడి చూసేదాకా నా కంటికి ఇది ఆనలేదు.

ఇదే ఓపెనింగ్ ఆ మ్యాచ్‌లో 3, 9, 13 గేముల్లోనూ వచ్చింది, అన్నీ డ్రాలే. క్రామ్నిక్ 8.5–6.5తో మ్యాచ్ గెలిచాడు, కాస్పరోవ్‌కు ఒక్క గెలుపూ దక్కలేదు.

ఇంటిపని: 8వ ఎత్తు తర్వాతి పొజిషన్ నుంచి ఒక స్నేహితుడితో రెండు గేములు ఆడండి, ఒకసారి తెల్ల, ఒకసారి నల్ల. ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) ముట్టుకోవద్దు. ఎక్కడ ఏం ఆడాలో తోచక ఆగిపోయారో ఆ ఎత్తు నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠంలో 3వ గేమ్ తీసుకుందాం, ఆ నంబర్లు అప్పుడు పనికొస్తాయి.