‘ప్రొవోక్’ పెట్టగానే వాక్యం ఎందుకు అడ్డం తిరుగుతుంది?

సమస్య: ఇంగ్లీషు క్రియ ‘ప్రొవోక్’ (provoke) వాడి ‘ఐ ప్రొవోక్డ్ అండ్ షౌటెడ్ ఎట్ హిమ్’ అని రాశారు. రెచ్చిపోయి అతని మీద అరిచానని మీ ఉద్దేశం. చదివినవాళ్లకు మాత్రం మీరే ఎవరినో రెచ్చగొట్టినట్టుంటుంది. ఎవరినన్నది మీరు చెప్పలేదు కాబట్టి వాక్యం సగంలో ఆగినట్టూ ఉంటుంది.

కారణం: మనకు రెచ్చిపోవడం వేరు, రెచ్చగొట్టడం వేరు. ఒకటి తనకు జరిగేది, ఇంకోటి ఎదుటివాడికి చేసేది. ‘ప్రొవోక్’ రెండోదానికే సరిపోతుంది. అది సకర్మక క్రియ, అంటే ‘ఎవరిని, దేన్ని’ అన్నదానికి జవాబైన కర్మ లేకుండా నిలబడదు. ‘వాడు ఊరికే రెచ్చగొడుతుంటాడు’ అని మనం కర్మను మింగేసినా అర్థమవుతుంది. ఇంగ్లీషులో ‘హి కీప్స్ ప్రొవోకింగ్ మి’ అని ఆ ‘మి’ ఉండాల్సిందే.

పరిష్కారం: ముందు తెలుగులో అనుకోండి. ‘రెచ్చిపోయాను’ అని వస్తే ‘ఐ వజ్ ప్రొవోక్డ్’ అని కర్మణి ప్రయోగంలో రాయండి. ‘రెచ్చగొట్టాడు’ అని వస్తే ‘ఎవరిని?’ అని అడిగి, ఆ జవాబును క్రియ పక్కనే పెట్టండి. మధ్యలో ‘టు’, ‘ఆన్’ ఏవీ వద్దు.

సమస్య: ‘హి ప్రొవోక్డ్ మి ఫర్ ఫైటింగ్.’

ఇది ‘పోట్లాటకు రెచ్చగొట్టాడు’లోని ‘కు’ చేసిన పని. ‘ప్రొవోక్డ్ మి ఇంటు ఫైటింగ్’ అనండి. ‘ప్రొవోక్డ్ మి టు ఫైట్’ కూడా తప్పు కాదు. నాకైతే ‘ఇంటు’నే నచ్చుతుంది, మనిషిని గొడవలోకి లాగిన సంగతి అందులోనే కనబడుతుంది.

సమస్య: ‘హిజ్ వర్డ్స్ ప్రొవోక్డ్ హర్ యాంగ్రీ.’

కారణం: ‘మేక్’ పక్కన విశేషణం కుదురుతుంది కదా అని ఇక్కడా పెట్టేశారు. ‘మేడ్ హర్ యాంగ్రీ’ సరే, ‘ప్రొవోక్’కు మాత్రం నామవాచకం కావాలి: ‘ప్రొవోక్డ్ హర్ యాంగర్’.

అసలు మెలిక ఇక్కడే ఉంది. కర్మ స్థానంలో మనిషి ఉంటే ‘ప్రొవోక్’ అంటే రెచ్చగొట్టడం. అక్కడ కోపం, చర్చ, విమర్శ, నవ్వు లాంటి స్పందన ఉంటే రేకెత్తించడం. నిఘంటువులో మొదటి అర్థం ఒక్కటే చూసి పట్టుకున్నవాళ్లు ‘థాట్ ప్రొవోకింగ్’ అనే మెచ్చుకోలును తిట్టనుకునే ప్రమాదం ఉంది. ఆలోచన రేకెత్తించేదని దాని అర్థం. అలాగని ప్రతి సంతోషానికీ ఈ క్రియ నప్పదు. కానుక చూసి ఆమె సంతోషించిందని చెప్పడానికి ‘మేడ్ హర్ హ్యాపీ’ చాలు.

సమస్య: పాత ఫొటో జ్ఞాపకాలను ‘ప్రొవోక్’ చేసింది.

ఇక్కడ కావలసింది ‘ఈవోక్’. రెండింటికీ మూలం పిలవడమనే అర్థమున్న లాటిన్ మాటే. అయితే ‘ఈవోక్’ లోపల ఉన్నదాన్ని మెల్లగా బయటికి పిలుస్తుంది, ‘ప్రొవోక్’ కదిపి లేపుతుంది. జ్ఞాపకాలకూ అనుభూతులకూ మొదటిది, వెంటనే ఎగసే స్పందనకు రెండోది.

ఇక ‘ప్రొవొకేటివ్’. ప్రసంగానికో వ్యాసానికో వాడితే ఆలోచననో కోపాన్నో రేపేదని. అదే మాట ఎవరి దుస్తుల గురించో అంటే కామోద్రేకం కలిగించేవని అర్థం వస్తుంది. కొట్టొచ్చినట్టు కనబడే రంగులని మెచ్చుకోవాలంటే ‘స్ట్రైకింగ్’ అనండి.